చీర మడతలో పాట

ఒంటి కదలికను సంగీతంగా మార్చే కడియాలు ఊరంతా వచ్చేశాక, విశాఖలో దోసె తిరగేసినా రాగం పలికేది. ఒక్కటే చిక్కు. ఇద్దరు దగ్గరికొస్తే రెండు రాగాలూ కొట్టుకుని చెవులు చిల్లులు పడేవి. అందుకే జనం ఇంటికి రాగానే కడియాలు తీసేసేవారు. ఇద్దరి కదలికనూ ఒకే పాటగా చెయ్యాలని, విశ్వవిద్యాలయంలో సంగీత సాంకేతికత బోధించే వకుళ ఏళ్లుగా పాటుపడుతోంది. ఎంత ఆరితేరిన నర్తకులతో ప్రయత్నించినా గోలే మిగిలింది. ఆ మధ్యాహ్నం పరిశీలక సంఘానికి ఫలితం చూపించకపోతే పరిశోధన మూతపడుతుంది.

ఆమె బయల్దేరబోతుంటే, అప్పుడే బజారునుంచి వచ్చిన అత్తగారు సుభద్రమ్మ కేకేసింది. "అమ్మాయ్, ఈ చీర ఓ చివర పట్టుకోవే, మడతెట్టేద్దాం."

చేతులకు కడియాలున్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. చీర బిగించి లాగారు, మడిచారు, ఎదురెదురుగా నడిచారు. గోల రాలేదు. ఒకే పాట తేటగా పలికింది.

వకుళకు అప్పుడు తట్టింది. నర్తకులకు తను అడుగులు నేర్పింది గానీ, ఒకరి లాగుడు ఇంకొకరికి తెలిసే ఈ చీరలాంటి దారి ఇవ్వలేదు.

"అత్తయ్యా, చీరతో సహా మీరూ రావాలి!"

"ఇలాగేనా? జడైనా సరిచేసుకోనీవే!"

సంఘం ముందు మళ్లీ అదే పాట పలికింది. ఎప్పుడూ నవ్వని అధ్యక్షులు పతంజలి గారు లేచి వచ్చి, తామూ ఓ చివర పట్టుకున్నారు. మడత పూర్తయినా చీర వదల్లేదు.

"పరిశోధన సాగనివ్వండి," అన్నారు నవ్వు ఆపుకోలేక. తర్వాత సుభద్రమ్మ వైపు తిరిగారు. "అమ్మా, మడతపెట్టాల్సినవి ఇంకేమైనా ఉన్నాయా?"

"ఇంటినిండా ఉన్నాయి బాబూ," అందావిడ.