ప్రశ్నలు లేని కేసు

“డిసెంబరు పదిహేను, ఐతారం. పొద్దుగాల సర్వపిండి తిన్నం మేడం. అడుగు జరంత మాడింది” అన్నాడు దశరథం.

లాయరు నిషాత్ రాసుకోవడం ఆపి తలెత్తింది. ఆమె అడిగింది ప్రమాదం ఎలా జరిగిందని.

“తిన్నంక?”

“స్కూటీ మీద పోయినం. నేను, మా ఇంటామె. సుల్తానాబాద్ తొవ్వల.”

అక్కడ ఆగిపోయాడు. ఎప్పుడు అడిగినా అక్కడే ఆగిపోతాడు.

దశరథం ఆర్టీసీ డ్రైవరు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క కోడిని కూడా తొక్కించలేదని పెద్దపల్లిలో పేరు. ఆ ఆదివారం, సెలవు రోజున, రోడ్డు పక్క ఇంట్లోంచి బంతి వెనకాల ఒక ఐదేళ్ల పిల్లవాడు ఉరికొచ్చాడు. స్కూటీ తగిలి పిల్లవాడు అక్కడికక్కడే పోయాడు. బండి వెళ్లి కల్వర్టుకు గుద్దుకుంది. దశరథం భార్య బాలలక్ష్మి మర్నాడు కరీంనగర్ దవాఖానాలో కన్నుమూసింది. దశరథానికి మోచేతులు గీరుకుపోయాయి, అంతే.

రేపు కోర్టులో అతని మీద నేరం చదివి వినిపిస్తారు.

“అజాగ్రత్తగ నడిపి ఇద్దరి చావుకు కారణమైన్రని కేసు” నిషాత్ నెమ్మదిగా చెప్పింది. “ఐదేండ్ల దాక పడొచ్చు. గానీ ఒక మాట ఇనుండ్రి. ప్రాణం పోయినంత మాత్రాన మీరు నేరం చేసినట్టు కాదు. అజాగ్రత్త ఉన్నదని పోలీసులే రుజువు చెయ్యాలె. మీ బండి స్పీడ్ లేదు. బాబే అడ్డం ఉరికిండు. కండ్లతోని చూసినోళ్లు లేరు, అందరు చప్పుడు ఇని వచ్చినోళ్లే. స్టేషన్ల మీరు ఒప్పుకున్న మాట కోర్టుల చెల్లది. ఇంకోటి, ఉన్న ఒక్క హెల్మెట్ మీ ఇంటామెకు పెట్టిన్రు. గంత పదిలంగ చూసుకునే మనిషి బండిని అడ్డగోలుగ నడుపుతడా అని నేను అడుగుత.”

“హెల్మెట్ సంగతి వద్దు మేడం.”

“అరే, మంచి పాయింటు అది.”

“వద్దు.”

“సరే. మరి బోనుల నిలవడి మీరే చెప్పాలె. బ్రేక్ ఎప్పుడు కొట్టిన్రు, హ్యాండిల్ ఎటు తిప్పిన్రు, అన్ని అడుగుతరు. బస్సు నడిపేటోళ్లకు నేను నేర్పాల్నా?”

దశరథం చేతులు చూసుకున్నాడు. “తప్పు నాదే అని ఒప్పుకుంటే?”

“జైలు. నౌకరి పోతది. లైసెన్స్ పోతది.”

“అది కాదు మేడం. ఒప్పుకుంటే గీ అడుగుడు ఉంటదా?”

“ఉండది. సాక్షులను పిలువరు. జడ్జి మిమ్మల్ని ఒక్కర్నే అడుగుతరు, అన్ని తెలిసే ఒప్పుకుంటున్నవా అని. గంతే.”

“ఇంకెవ్వల్ని ఏం అడుగరు?”

“అడుగరు.”

“అయితే ఒప్పుకుంట.”

నిషాత్ పెన్ను కింద పెట్టింది. అతని ముందున్న చాయ్ చల్లారిపోయిందని ఇంకొకటి తెప్పించింది.

“దశరథం సాబ్, బాధ వేరు, నేరం వేరు. మీకు బిడ్డ ఉన్నది. జర ఆమె మొఖం చూసి సోంచాయించుండ్రి.”

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకింది. అరుగు మీద బాలలక్ష్మి తల్లి బాలవ్వ కూర్చుని ఉంది.

“ఏమన్నది లాయరమ్మ?”

“గెలుస్తం అన్నది అత్తా.”

“గెలుస్తవు. లోకమంతటిని బస్సుల ఇండ్లకు చేరిస్తివి. నా బిడ్డనొక్కదాన్ని చేర్చకపోతివి.”

అతను చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. కూతురు అఖిల అన్నం వడ్డించింది. తల్లి పోయినప్పటి నుంచి ఆమె అతన్ని ‘బాపూ’ అని పిలవడం మానేసింది. కానీ అతను తినేదాకా పక్కనే కూర్చుంటుంది.

“రేపు ఏం చెప్తవ్?” అంది.

“తప్పు నాదే అని.”

“ఆ పిల్లగాడు ఉరికొచ్చిండని లాయరమ్మ అన్నది గదా?”

“నాదే బిడ్డా.”

ఆమె గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

“పిట్టకు పెట్టిన నాడు అమ్మకు ఏం చెప్పినవ్?”

మూడో రోజున బాలలక్ష్మికి ఇష్టమైనవన్నీ వండి చెరువు దగ్గర విస్తరిలో పెట్టారు. కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. మధ్యాహ్నమైనా కాకులు చెట్టు దిగలేదు. అఖిలను చదివిస్తామని చెప్పారు, దిగలేదు. బాలవ్వను చూసుకుంటామన్నారు, దిగలేదు. చివరికి దశరథం ఒక్కడే వెళ్లి విస్తరి దగ్గర వంగి ఏదో చెప్పాడు. అతను వెనక్కి తిరిగేలోపే ఒక కాకి వచ్చి మెతుకు ముట్టింది.

“నిన్ను మంచిగ చూసుకుంట అని చెప్పిన” అన్నాడు దశరథం.

“గది అందరు చెప్పిన్రు. పిట్ట రాలే.”

అతను అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

“పోనీ, దవాఖానల నన్ను బయటకు పంపినంక అమ్మ నిన్ను ఏం అడిగింది?”

“పిల్లగాడు ఎట్లున్నడని.”

“ఏం చెప్పినవ్?”

“చాక్లెట్ తింటున్నడని చెప్పిన. నవ్వింది.”

అఖిల కళ్లు తుడుచుకుంది. “మా అమ్మ చీమను గూడ తొక్కకపోతుండె. నీ ఎనుక కూసున్న పాపానికి పోయింది.”

“ఔ బిడ్డా.”

అన్నందుకు అఖిలకే బాధనిపించినట్టుంది. ఇంకో గరిటె పప్పు వేసి, చెంబులో నీళ్లు పోసి అతని చేతికందేలా పెట్టింది. తర్వాత వెళ్లి అమ్మమ్మ పక్కన పడుకుంది.

దశరథం చేయి కడుక్కుని వచ్చాడు. లోపల అఖిల తల్లి చీరను కప్పుకుని అప్పుడే నిద్రలోకి జారుతోంది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.

ఆ ఆదివారం బండి నడిపింది బాలలక్ష్మి.