పాప నడిచింది

ఏడాదిన్నర కావస్తున్నా పాపకు నడక రాలేదని కృప బెంగపడుతోంది.

ఆ సాయంత్రం గోడ పట్టుకుని నిలబడ్డ పాప, బెంజ్ సర్కిల్‌లో షాపు కట్టేసి వచ్చిన తండ్రి బండి చప్పుడు వినగానే చెయ్యి వదిలి అడుగేసింది.

"స్తోత్రం ప్రభువా! ఏవండీ, మీరొచ్చారని పాప నడుస్తోంది!"

ఫిలిప్ పరుగున వచ్చి గుమ్మంలో కూర్చుని చేతులు చాచాడు. "రా తల్లీ, నాన్న దగ్గరికి."

పాప అటు వెళ్లలేదు. తూలుతూ వంటగదిలోకి నడిచి, తలుపు చాటున నక్కి, రెండు చేతులతో చెవులు మూసుకుంది. అతను తాగొచ్చి గొడవ చేసినప్పుడల్లా కృప పాపను దాచేది అక్కడే.

"నేనివాళ తాగలేదు కృపా," అన్నాడు ఫిలిప్, చేతులు అలాగే చాచి.

"ఆ సంగతి దానికెలా తెలుస్తుందండీ?" అంది కృప.