వెర్నా ఇంటి చుట్టూ గీత

మా విస్కాన్సిన్ ఊళ్లో కౌన్సిల్ వార్డుల కొత్త మ్యాపు బయటికొచ్చింది. పాతదాన్నీ కొత్తదాన్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. మారిన చోటల్లా సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది. నేను కౌన్సిలర్‌గా ఉన్న వార్డులో ఎర్రబడింది ఒక్క మూలే. అది మా పక్కింటి వెర్నా ఇల్లు, వేరే వార్డులోకి పోయింది!

పోయినసారి నేను గెలిచింది ఒక్క ఓటుతో. ఆ ఓటు వెర్నాదేనని ఊరంతా చెప్పుకున్నాను. ఇది కుట్ర కాక మరేమిటి? రెండు మ్యాపులూ జతచేసి, ఘాటుగా అభ్యంతరం పంపాను. వారంలో గీత వెనక్కి జరిపారు.

శుక్రవారం చర్చి విందులో అందరం వేయించిన చేపలు తింటుంటే ల్యాప్‌టాప్ తెరిచాను. "చూశావా వెర్నా, నిన్ను మళ్లీ నా వార్డులోకి లాక్కొచ్చాను!"

ఆవిడ ఫోర్కు కింద పెట్టేసింది.

"ఎంత పని చేశావు ఆరిన్! నన్ను బయట పడేయమని అర్జీ పెట్టుకుంది నేనే. ప్రతిసారీ నీకే వేస్తానని నీ మొహం మీద చెప్పడం, వెళ్లి అవతలివాడికి వేసి రావడం... ఈ వయసులో నా వల్ల కావట్లేదయ్యా!"

ల్యాప్‌టాప్ మెల్లగా మూశాను. నాకు పడని ఓటును, ఆధారాలతో సహా పోట్లాడి, నేనే వెనక్కి తెచ్చుకున్నాను.