బొమ్మకారుకు ఎర్రలైటు

"దీనికి లైటు పెట్టాలప్పా. మంత్రి కారు మింద ఉంటాదే, ఆ మాదిరి. ఎర్రగా వెలిగి ఆరి, వెలిగి ఆరి పోతా ఉండాల."

చంద్రశేఖరం తలెత్తి చూశాడు.

గల్లాపెట్టె పక్కన రిమోటుతో నడిచే బొమ్మకారు. దాన్ని పెట్టిన మనిషికి నలభై దాటి ఉంటాయి. చొక్కా మీద సిమెంటు మరకలు. నడుముకు ఎదుటి పార్టీ జెండా రంగుల అంచున్న పంచె.

ఆ అంచు చూడగానే చంద్రశేఖరానికి ఒళ్ళు మండింది.

తమిళనాడులోని గుడియాత్తం బజారులో సీరియల్ లైట్ల పనికి చంద్రశేఖరం పెట్టింది పేరు. పెళ్ళి పందిరైనా, అమ్మవారి ఊరేగింపైనా ఆయన లైట్లు వెలగాల్సిందే. దానికి తోడు తన పార్టీకి వార్డు కార్యదర్శి కూడా. ఎన్నికలు నెత్తిమీదికి వచ్చి ఉన్నాయి. అంగట్లో కాలు పెట్టడానికి చోటు లేకుండా జెండాలూ బ్యానర్లూ. అట్లాంటి చోటికి ఎదుటి పార్టీవాడు వచ్చి మంత్రి కారు లైటు అడుగుతున్నాడంటే, వెక్కిరించడానికి కాక మరెందుకు?

"ఎవురికప్పా? మీ క్యాండిడేటు కొడుక్కా?"

"లేదప్పా. చిన్నబిడ్డ ఒకటి..."

"తెలుసులే. ఇంకా ఓట్లే పడలేదు, అప్పుడే మంత్రి కారు తయారు చేసుకుంటా ఉండారా?"

అంగట్లో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఏం చెయ్యాలో తెలియక ఆ మనిషి కూడా కాస్త నవ్వాడు. పేరు రాజమాణిక్యమట, మేస్త్రి పనట.

చంద్రశేఖరం లైటు పెట్టాడు. పెట్టాడు గానీ, వెలుతురు తగ్గించే రెసిస్టరు కావాలనే పెద్దది వేశాడు. లైటు వెలిగీ వెలగనట్టు మిణుకుమంది.

"మీ కట్చికి ఇది చాలు," అన్నాడు, ఆ పార్టీని వెక్కిరిస్తూ కారు చేతికిచ్చి.

వారం తిరక్కుండానే రాజమాణిక్యం మళ్ళీ వచ్చాడు.

"ఇంకా గట్టిగా వెలగాలప్పా. ఇది కంటికి ఆనలేదు."

"ఎవురి కంటికి? నా కంటికి బాగానే ఆనుతా ఉండాదే!"

"బిడ్డ కంటికప్పా." రాజమాణిక్యం గొంతు తగ్గించాడు. "చూపు తగ్గిపోతా ఉండాది. వేలూరు ఆస్పత్రిలో చూపించినాము. నరాలు ఎండిపోతా ఉండాయి, ఆపలేమన్నారు. ఎర్రగా తళుక్కుమంటేనే కనిపెడతాది. చూపు ఉండే కొన్నాళ్ళన్నా ఆడుకోనీ అని."

చంద్రశేఖరం మనసు ఒక్క క్షణం కరిగింది. మరుక్షణమే కళ్ళు ఆ పంచె అంచు మీద పడ్డాయి. ఓట్ల కాలంలో ఇట్లాంటి కథలు తను ఎన్ని వినలేదు! రేపు ఇదే మనిషి పోయి, వార్డు కార్యదర్శి చేత మంత్రి కారు చేయించుకున్నానని చాటుకుంటే తన పరువేం కాను?

"మీ కట్చిలో శానా పెద్దోళ్ళు ఉండారు గదా. వాళ్ళనడుగు."

"ఈ పని తెలిసినోళ్ళు మీరే గదప్పా."

"అట్లయితే పెట్టేసి పో. ఎలక్షన్ కానీ. ఇప్పుడు నాకు తల గోక్కునే తీరిక లేదు."

"అంతదాకా ఆ చూపు ఉంటాదో లేదో అప్పా."

"ఉంటాదిలే పో."

రాజమాణిక్యం కారును అక్కడే పెట్టి, టౌన్ బస్సు కోసం వెళ్ళిపోయాడు. మధ్యలో రెండుసార్లు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. చంద్రశేఖరం చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రాజమాణిక్యం ఏమీ అడగకుండానే తిరిగి వెళ్ళాడు.

ఓట్లు లెక్కపెట్టారు. చంద్రశేఖరం పార్టీ గెలిచింది. బజారంతా టపాకాయలు, మేళాలు. ఇంటినుంచి భార్య రంగనాయకమ్మ గంపెడు లడ్లు చేసి పంపింది.

గెలిచినవాడికి మనసు పెద్దదవుతుంది కాబోలు. మర్నాడు జెండాలు సర్దుతుంటే కింద ఆ బొమ్మకారు కనబడింది. పాపం, ఎన్నిసార్లు తిరిగాడో అనుకున్నాడు చంద్రశేఖరం. పాత లైటు పెరికేసి, అంగట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి లైటు తీసి, పనివాళ్ళకు ఇవ్వకుండా తనే కూర్చుని బిగించాడు.

సాయంత్రం రాజమాణిక్యం రాగానే చేతిలో లడ్డు పెట్టాడు.

"రాప్పా రా! ఎలక్షన్ అయిపోయె, ఇంక మనలో మనకేముండాది? ఇది చూడు. మంత్రి కారు కూడా దీని ముందర దిగదుడుపే."

రిమోటు నొక్కాడు. కారు నేల మీద గిర్రున తిరిగింది. ఎర్ర వెలుగు గోడలమీదా, గాజు బీరువాలమీదా, ఇద్దరి ముఖాలమీదా పడి లేచింది.

రాజమాణిక్యం దాన్ని చాలాసేపు చూశాడు.

"శానా బాగుండాదప్పా," అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "దీన్ని తీసేసి హారన్ ఒకటి పెడతారా?"

"హారనా?"

"చప్పుడొస్తే యాడుండాదో తెలుసుకుంటాది."

చంద్రశేఖరం సిగ్గుతో రిమోటు కింద పెట్టాడు.

"ఎప్పటినించప్పా?"

"నాలుగు దినాలాయె."

"నీ బిడ్డను చెన్నైకి పిల్చుకొని పోదాం. మా కట్చి వాళ్ళు ఉండారు, నేను మాట్లాడతా. ఎంతదూరమైనా పోదాం."

"ఇంక యాడికి పోయినా రాదన్నారు." రాజమాణిక్యం తల అడ్డంగా ఊపాడు. "నా బిడ్డ కాదప్పా. మాకు బిడ్డల్లేరు. పక్కింటి దేవకి. వాళ్ళమ్మ పొద్దంతా బీడీలు చుడతా ఉంటాది, అందుకని ఆస్పత్రికి నేనే ఎత్తుకొని పోయి వస్తా ఉంటి."

"నాయన లేడా బిడ్డకు?"

రాజమాణిక్యం వంగి కారును చేతికి తీసుకుని, లైటు ఆరిపోయేలా దాని మీట నొక్కి, తలెత్తకుండానే చెప్పాడు.

"దీనికి ముందర ఎలక్షన్‌లో మీరు ఎక్కమంటే స్తంభమెక్కి, మీ బ్యానరు కడతా కరెంటు కొట్టి పోయినాడే కుప్పన్, ఆయన బిడ్డప్పా."