మలుపు కాడి మూట

కుస్తీ తాలీంలో కసరత్తు ముగించి వెంకటరాజం కల్లు అమ్మే మండువ దారి పట్టాడు.

మలుపు దగ్గర ఒక ముసలాయన మూట ముందర పెట్టుకుని కూర్చున్నాడు.

“బిడ్డా, నడుము పట్టుకున్నది. గీ మూట జర మా గుడిసె కాడ దించి పో.”

పెద్దాయన మాట వెంకటరాజం కాదనలేకపోయాడు. చూడటానికి చిన్న మూటే, ఎత్తితే భుజం కుంగింది. గుడిసేమో భువనగిరి గుట్టకు అవతలి పక్క.

దించినాక ముసలాయన వదల్లేదు. మజ్జిగ కలిపిన జొన్న అంబలి ముంతెడు తాగించి, దోసెడు ఉలవ గుగ్గిళ్ళు తినిపించాడు.

తిరిగి వచ్చేసరికి మండువలో కల్లు అయిపోయి, ఖాళీ లొట్లన్నీ బోర్లించి ఉన్నాయి.

మర్నాడూ, ఆ తర్వాత రోజూ అదే మలుపు, అదే మూట.

అది పోలీసు యాక్షన్ అయిన ఆరో ఏడు. వెంకటరాజం మగ్గం పని వెతుక్కుంటూ దసరా ముందే భువనగిరికి వచ్చాడు. కసరత్తు కాగానే లొట్టి కల్లు తాగితే ఒళ్ళు నొప్పులు పోతాయని తాలీంలో అందరూ అంటే నమ్మాడు. దసరా కుస్తీలో ఓడాడు, దీపావళికీ ఓడాడు. శివరాత్రి జాతరలో కూడా వీపు మట్టికి అంటితే ఇక తాలీం గడప తొక్కొద్దని ఉస్తాద్ జానయ్య చెప్పేశాడు.

మండువలో అతను ఎరిగిన మొహం కల్లు పోసే గోపమ్మదొక్కటే. ముసలాయన గురించి ఆమెతో మొరపెట్టుకుంటే, కడుగుతున్న లొట్టి మీంచి తల ఎత్తలేదు.

తనను కల్లుకు పోనీయకుండా ఆపడానికే ఈ మూట అని తోచి, చివరికి ముసలాయన్నే అడిగాడు.

“తాతా, ఒక్కనాడు తాగితె నా ఒళ్ళు కరుగుతదా?”

“కరుగుతది బిడ్డా. కసరత్తు చేసిన ఒళ్ళు పచ్చికుండ. కాలకముందే కల్లు పోస్తె కండ కట్టదు, నిద్ర పట్టదు, మగోని సత్తువ గూడ సన్నగిల్లుతది.”

“నువ్వేమన్న డాక్టరువా?”

ముసలాయన ముంత మళ్ళీ నింపాడు.

చలి తగ్గేసరికి వెంకటరాజానికి పడుకుంటే తెల్లారే మెలకువ. శివరాత్రి నాడు మూడు పట్లలో ఎదుటివాణ్ణి వెల్లకిలా వేశాడు. ఉస్తాద్ తన తలపాగా తీసి అతని తలకు చుట్టాడు.

గెలిచినందుకు ఇచ్చిన వెండి కడియంతో సొంతూరికి వెళ్ళి, ఎనిమిది రోజులకు తిరిగొచ్చాడు.

మలుపు దగ్గర ఎవరూ లేరు. మండువకు దారి ఖాళీ. అయినా కల్లు తాగడానికి మనసు రాలేదు. మూడు నెలలు అంబలి తాగాడు గాని ఆయన పేరైనా అడగలేదు.

మండువకు వెళ్ళి గోపమ్మను అడిగాడు.

“లచ్చయ్య. మొన్న మంగళారం పోయిండు. నువ్వు గెల్చినవని విన్నంకనే పోయిండు.”

ఆమె మూలనున్న మూట లాగి విప్పింది. అన్నీ నల్లరాళ్ళు.

“మాపటికి నువ్వు మోసుకపోయేది. పొద్దుగాల నేను మళ్ళ మలుపు కాడికి తెచ్చేది.”

“నువ్వెందుకక్కా?”

గోపమ్మ అతని చేతి కడియం వైపు చూసింది.

“మా ఇంటాయనకు గూడ గసుంటి కడెమే ఉండె. తాలీం నుంచి రాంగనే ఈడ కూసునేటోడు. ఇరవయ్యారేండ్లకే పోయిండు.”

వెంకటరాజం కడియం తీసి ఆ రాళ్ళ మీద పెట్టాడు.

“లచ్చయ్య మా మామ, మా ఇంటాయన నాయిన,” అన్నది గోపమ్మ. “గీ తాళ్ళెక్కి కల్లు గీసింది, గీ మండువ పెట్టింది ఆయనే.”