గంట మీది పేరు

మ్యూజ్ నది ఒడ్డున మా చర్చి గోపురం రెండుసార్లు తగలబడి కూడా నిలిచింది. ఇవాళ ఊరిని ఆక్రమించిన జర్మన్లు దాని పెద్దగంటను దించుకుపోతున్నారు.

గంటలు కొట్టే ఒదిలోన్ పైకి పరుగెత్తేసరికి ముసలి లెయొనీ ఆకురాయితో గంటను గీకుతోంది. పోయిన యుద్ధంలో చనిపోయిన కొడుకు పేరే పెట్టి, దాని మీద చెక్కించి, ఆ గంటకు బాప్తిస్మం చేయించింది ఆవిడే.

"లెయొనీ అక్కా, వేళ్లు చూసుకో, నెత్తురు కారుతోంది. ఆ పేరు కూడా పోతే వాడికింకేం మిగులుతుంది?"

"నువ్వు తలుపు మూసి పట్టుకో. ఇంకా రెండక్షరాలున్నాయి."

మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరపడింది.

"ఎటూ కరిగించేస్తారు కదక్కా."

"కరిగించి ఏం చేస్తారు?"

"ఫిరంగులు."

"నా బిడ్డ పోయింది ఫిరంగి దెబ్బకే," అంది లెయొనీ, గీకుతూనే. "ఇంకో తల్లి బిడ్డ మీదికి వాణ్ణి పంపను."