ఎవరి దిష్టి

ఎర్మెకే. ఇంకెవడికి అవసరం?

మార్చిలో నౌరూజ్ పండగ విందులో అందరి ముందూ భుజం తట్టి, "నీ గొంతు బంగారం, కుబాత్" అన్నాడు. అని ఊరుకున్నాడు. దిష్టి తగలకుండా తుఫ్ తుఫ్ అని పక్కకి ఉమ్మలేదు. పొగిడినవాడు ఉమ్మకపోతే దాన్ని మతిమరుపు అనరు. సరిగ్గా ఆ వారమే గొంతు బొంగురుపోయింది.

కుబాత్ బిష్కెక్‌లో పెళ్ళి విందులు నడిపించేవాడు. మైకే అతని బతుకు. ఎర్మెక్‌దీ అదే పని. వేసవి నిండా పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు. దిష్టి పెట్టినవాడి పేరు తేల్చుకుందామని, బజారు వెనక సందులో టారో కార్డులతో జోస్యం చెప్పే పెద్దావిడ సాలియా అపా ముందు కూర్చున్నాడు.

"మూడు తియ్యి, నాయనా."

తీశాడు. ఆమె వాటిమీద వేళ్ళు ఆనించింది. చూపు మాత్రం అతని భుజం మీదుగా తలుపు వైపు ఉంది.

కుబాత్ వెనక్కి తిరిగి చూశాడు. అక్కడెవరూ లేరు.

"మొదటిది సూర్యుడు," అంది.

కార్డు మీద చంద్రుడున్నాడు. కింద రెండు కుక్కలు మోరలెత్తి ఉన్నాయి.

మోసం అనుకున్నాడు. అయినా లేవలేదు. మోసగత్తె దగ్గర కూడా నిజం ఉండొచ్చు, ఎవడో దాచమని ఇచ్చినది.

"పేరు చెప్పండి, అపా. ఎవడు పెట్టాడు దిష్టి?"

"గొంతు ఇలా అయి ఎన్ని వారాలు?"

"తొమ్మిది. కార్డులకి వారాలెందుకు?"

"నా కార్డులకి కావాలిలే. మింగితే నొప్పి చెవిలోకి పోతుందా?"

పోతుంది. భార్యకి కూడా చెప్పని సంగతి. ఈమెకెవరు చెప్పారు?

"ఆ... అని సాగదియ్యి."

సాగదీశాడు. ఆమె తల ఒరగేసి వింది.

"ఇంకోసారి."

"నేను పాటలు నేర్చుకోడానికి రాలేదు, అపా."

"ఎవరి దిష్టీ లేదు, నాయనా. గొంతులోనే ఏదో ఉంది. రేపే ఆసుపత్రిలో చూపించు. ఈ వేసవికి మైకు ఇంకొకరికిచ్చెయ్యి. కార్డులు అదే చెబుతున్నాయి."

"ఇంకొకరంటే ఎర్మెకా?"

"ఎర్మెక్ ఎవరు?"

ఆ అమాయకత్వానికి కుబాత్‌కి ముచ్చటేసింది. ఆ ఎర్మెక్ వెధవ మంచి నటినే వెతికి పెట్టాడు.

ఆమె టీ పోసింది. కప్పు అంచుదాకా నిండి బల్లమీదకి పొర్లింది.

కాసేపు ఉండమనే అతిథికి ఆ ఊళ్ళో సగమే పోస్తారు. నిండా పోస్తే, తాగి లేవమని. పసిపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది.

"పొమ్మని నోటితో చెప్పలేకపోయారా?"

"అయ్యో, ఏమైంది నాయనా? టీ తాగి..."

తలుపు విసిరేసి బయటికి నడిచాడు. ఆ వేసవిలో ఒక్క పెళ్ళి కూడా వదల్లేదు.

అక్టోబరులో గొంతు డాక్టరమ్మ పరీక్ష ముగించి చేతులు కడుక్కుంది.

"స్వరపేటిక తీసెయ్యాలి. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. మే నెలలో వచ్చుంటే రెండూ దక్కేవేమో."

"మేలోనే ఒకావిడ చెప్పింది," కుబాత్ గుసగుసలాడాడు. "బజారు వెనక కార్డులు చూసే మనిషి. నమ్మలేదు."

ఆమె తుడుచుకుంటున్న చేతులు ఆగాయి.

"సాలియా అపాయేనా?"

"మీరు కూడా జోస్యం చెప్పించుకున్నారా?"

"నాకు గొంతులు వినడం నేర్పింది ఆవిడే. ఇరవై ఏళ్ళు ఈ గదిలోనే కూర్చుంది. తరవాత చూపు పోయింది. కళ్ళు లేని డాక్టరు మాట ఎవరు వింటారు? కార్డులంటే ఊరంతా కదిలొస్తుంది. వాళ్ళలో గొంతు బాగోలేనివాళ్ళని ఏరి మాకు పంపుతుంది."

కుబాత్ ఆ వారమే ఆపరేషన్ చేయించుకున్నాడు.

మొదటి మంచు పడిన మధ్యాహ్నం సాలియా అపా తలుపు తట్టాడు. ఏం చెప్పాలో దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. గొంతు లేదన్న సంగతి గుమ్మం దాకా గుర్తు రాలేదు.

తలుపు తెరుచుకుంది. ఆమె అతని భుజం మీదుగా మంచువైపు చూసింది.

"ఎవరు?"

అతని పెదవులు కదిలాయి.

"ఎవరు నాయనా? పలకవేం?"

కుబాత్ మఫ్లర్ విప్పాడు. ఆమె చెయ్యి అందుకుని, తన గొంతు మీద పెట్టుకున్నాడు.